ఓడలో మొదటి బంతి

బొంబాయి నుంచి కొచ్చిన్‌కు రైలుండగా ఓడ ఎందుకెక్కావని మా ఊళ్లో చాలామంది అడిగారు. గాలి మార్పు కోసమని చెప్పాను. అది నిజం కాదు. నా తమ్ముడు గోపాలరావు ఆ ఓడలో పని చేస్తున్నాడు. వాణ్ని ఇంటికి తీసుకురావడానికి ఎక్కాను.

మాది కొత్తకోటకు కొద్ది దూరంలో ఒక గ్రామం. మా నాన్నగారి కాలంలో ఆ ఊరిని మా ఇంటిపేరుతోనే పిలిచేవారు. పోలీసు చర్య తర్వాత అధికారం పోయింది, కౌలు చట్టాలతో భూమి చాలావరకు పోయింది. కోటలాంటి మా ఇంటిని గడి అంటారు, దాని గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి మధ్య నేను ఉన్నాను.

తమ్ముడు వెళ్లిపోయింది మా చెల్లెలి పెళ్లిలో. మా ఇంట పెళ్లి భోజనాలకు ఎప్పుడూ మూడు బంతులు లేచేవి. మొదటి బంతి మాకు, మా వియ్యాలవారికి. రెండోది పట్వారీకి, పెద్ద రైతులకు. చివరిది పెరట్లో, పని చేసినవాళ్లకు. ఆ రోజు మొదటి బంతిలో గోపాలం విస్తరి ఖాళీగా ఉంది. చివరి బంతి వేళకు పెరట్లో బండివాళ్ల మధ్య కూర్చుని తింటూ కనబడ్డాడు. నాన్నగారు అక్కడికి వెళ్లి ఒక్క మాట అన్నారు: "గా బంతిల తిన్నోడు నా బంతిల కూసోవద్దు." వాడు తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, సాయంత్రానికి ఊరు దాటాడు. నాన్నగారిది కోపం, వాడిది పొగరు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. నాన్నగారు కాలం చేశాక ఆ మాటను ఎత్తివేసే అధికారం నాకు వచ్చింది. నాకు సంతానం లేదు. వాడు రాకపోతే మా ఇంటిపేరు నాతో ఆఖరు.

బొంబాయి రేవులో మట్టి పని చేయించే మా పాలమూరు మేస్త్రీ ఒకడు ఆ ఏడు వేసవిలో వచ్చి కబురు చెప్పాడు. "చిన్నదొరను చూసిన దొరా. పెద్ద ఓడ. దాంట్ల పై అంతస్తుల ఉండే సాహెబులకు అన్నం పెడుతుండు." అన్నం పెడుతున్నాడు అన్న మాటను వాడు గౌరవంగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. ఓడ మీద ఉంటే ఎక్కడికి పోతాడనిపించింది. హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిన మరుసటి చలికాలం, కొచ్చిన్ దాకా మొదటి తరగతి టికెట్టు తీసుకున్నాను.

కొత్తకోటలో తెల్లవారుజామున హైదరాబాదు బస్సు ఎక్కాను. ఒకప్పుడు డ్రైవరు పక్క సీటు మా కోసం ఖాళీగా ఉంచేవారు. ఆ రోజు అందులో పల్లికాయ గంపతో ఒక ఆమె కూర్చుని ఉంది. కండక్టరు నన్ను చూసి ఆమెతో మెల్లగా ఏదో అన్నాడు.

"ఎందుకు లేస్త? ఆయన టికెట్టుకు నా టికెట్టుకు రంగు ఏమన్న తేడ ఉన్నదా?" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "ఎన్క జాగున్నది, కూసో అయ్యా. షాద్‌నగర్ల దిగుత, గప్పుడు రా," అంది.

షాద్‌నగర్‌లో ఆమె దిగి, గంప నెత్తికెత్తుకుంటూ సీటు వైపు చెయ్యి చూపింది. నేను వెనకే కూర్చున్నాను.

నాంపల్లిలో సాయంత్రం బొంబాయి రైలు. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, పల్లీల పొడి వాడి జంక్షను దాకా వచ్చాయి. షోలాపూర్‌లో చీకటితో పూరీలు అమ్ముతారు. నూనె మంచిది కాదు, కొనకండి. మర్నాడు మధ్యాహ్నం బొంబాయి చేరాను. బోరీబందరుకు దగ్గర్లో తెలుగువాళ్లు నడిపే లాడ్జీలో ఆ రాత్రి ఉన్నాను. గది చిన్నది, నీళ్లకు లోటు లేదు. మరుసటి రోజు పది గంటలకు బల్లార్డ్ పియర్ చేరి, పదకొండుకల్లా ఓడ ఎక్కాను.

ఓడలో అడుగు పెట్టగానే ఒక బల్ల దగ్గర గోవా మనిషి కూర్చుని ఉన్నాడు. తెల్లకోటు, బాగా దువ్విన తల. నా పేరు చూసుకుని ఇంగ్లీషులో అడిగాడు, భోజనానికి ఫస్ట్ సిట్టింగా, సెకండ్ సిట్టింగా అని.

ఫస్ట్ సిట్టింగ్ అంటే మొదటి బంతి అని నాకు అర్థమైంది. ఆ ప్రశ్న అడగడమే నాకు తప్పుగా తోచింది. మా వంశంలో రెండో బంతిలో కూర్చున్నవాడు లేడు. "ఫస్ట్. వేరే ఆలోచన లేదు," అన్నాను. అతను నా వెనక చూసి, "పిల్లలు ఎంతమంది సార్?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. తల ఊపి ఒక చీటీ ఇచ్చాడు.

సాయంత్రం ఆరున్నరకు గంట కొట్టారు. ఇంకా వెలుగు పూర్తిగా పోలేదు. భోజనాల హాలు పెద్దది. తెల్ల గుడ్డలు పరిచిన గుండ్రటి బల్లలు, ఒక్కొక్కదాని మీద చిన్న దీపం. నా బల్లకు చేరేసరికి అక్కడ ఇద్దరు పిల్లలు జెల్లీ కోసం చెంచాలతో బల్ల కొడుతున్నారు, వాళ్ల ఆయా మెడలకు గుడ్డలు కడుతోంది. హాలంతా అదే వరస: పిల్లలు, ఆయాలు, పళ్లు లేని ముసలివాళ్లు. నా ఎదురుగా ఒక కొచ్చిన్ కలప వ్యాపారి ఉన్నాడు. అరవై దాటినవాడు, కడుపులో పుండు. వైద్యుడు పెందరాళే తినమన్నాడట. పేరు కురియన్.

"మీకూ పుండేనా మిస్టర్ రావ్?" అన్నాడు.

"లేదు. నేనే కోరుకున్నాను."

ఆయన చెంచా కింద పెట్టి నన్ను చూశాడు. ఆ తర్వాత మర్యాదగా వివరించాడు. ఓడల మీద మొదటి సిట్టింగు పిల్లలకు, రోగులకు. తొందరగా కానిచ్చి పంపేస్తారు. పెద్దమనుషులు ఎనిమిదిన్నరకు, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, రెండో దానికి వస్తారు. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు.

నేను వెంటనే లేచి గోవా మనిషి దగ్గరకు వెళ్లాను. రెండో సిట్టింగు నిండిపోయిందని, కొచ్చిన్ దాకా మార్చడం కుదరదని అన్నాడు. "మీరే గట్టిగా అడిగారు కదా సార్," అన్నాడు. అతని మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ని.

ఓడ ఎక్కబోయేవారు ఇది గుర్తుంచుకోవాలి. మన దగ్గర ముందు తినడం గౌరవం. అక్కడ ఆకలిని కాసేపు ఆపుకోగలగడం గౌరవం. రెండింటిలోనూ చివరికి మిగిలినవాడి సంగతి ఒక్కటే.

రెండు సిట్టింగుల్లోనూ నా తమ్ముడు లేడు. రెండోదానికి గుమ్మం బయట నిలబడి కూడా వడ్డించేవాళ్ల ముఖాలన్నీ చూశాను. మరుసటి ఉదయం కురియన్‌తో డెక్కు మీద నడుస్తూ, పై అంతస్తువాళ్లు ఎక్కడ తింటారని మాటవరసకు అడిగాను. ఆయన ఒకసారి ఇదే ఓడలో అలా ప్రయాణం చేశాడట, పుండు రాక ముందు.

"వాళ్ల లోకం వేరు," అన్నాడు. పై అంతస్తులో సూట్లని ఉంటాయి. ఒక్కొక్కటి పడకగది, కూర్చునే గది, స్నానాల గది కలిపి ఒక చిన్న ఇల్లు. వాటిలో ఉన్నవారికి గంట కొట్టరు. వాళ్లకు ఆకలైనప్పుడే భోజనం వేళ. కావాలంటే గదిలోకి తెస్తారు, కావాలంటే వాళ్లకే ప్రత్యేకమైన చిన్న హాలు ఉంది, అక్కడ ఎనిమిది బల్లలే. అద్దాల వరండాలో కూర్చుని సముద్రం చూస్తూ తినవచ్చు. వంటల కార్డులో లేనిది తినాలనిపిస్తే ముందు రోజు చెబితే చాలు, వంటవాడు చేసి పెడతాడు. వాళ్ల డెక్కు వేరు, పేము కుర్చీలు వేరు, మెట్లు కూడా వేరు. "ఈ తరానికి ఓడల మీద మిగిలిన మహారాజులు వాళ్లు," అన్నాడు కురియన్. ఆ వారం అక్కడ ఉన్నది ఒక బొంబాయి మిల్లు యజమాని కుటుంబం, ఇద్దరు తేయాకు తోటల దొరలు, వారి భార్యలు.

ఆ మెట్ల దగ్గరకు వెళ్లాను. అడ్డంగా ముదురెరుపు మఖమల్ తాడు కట్టి ఉంది. పక్కన సూట్ల వారికి మాత్రమే అని ఇత్తడి పలక. ఒక కుర్రకాపలాదారు నిలబడి ఉన్నాడు. మా గడి ముందు తాడు కూడా ఉండేది కాదు. అయినా చెప్పులు విడవకుండా ఎవరూ గడప దగ్గరకు వచ్చేవారు కాదు. తాడు కట్టవలసి వచ్చిందంటే ఆ గొప్పతనం ఇంకా కొత్తదన్నమాట.

"సూట్ నంబరు సార్?" అన్నాడు కాపలాదారు.

నాకు సూటు లేదు. నా తమ్ముడు లోపల వడ్డిస్తున్నాడు, పిలవమని చెబితే పిలిచేవాడేమో. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు. చెప్పలేదు. "ఊరికే చూద్దామని," అని వెనక్కి తిరిగాను.

కురియన్ వెనకే ఉన్నాడు. నేను చెప్పకుండానే ఎలా గ్రహించాడో, కాపలాదారు దగ్గరకు వెళ్లి, "మీ గోపాల్ స్టీవర్డ్ ఉన్నాడే, ఈయన ముఖం వాడి ముఖమే. పిలువు," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి నేను డెక్కు చివరకు నడిచిపోయాను.

మధ్యాహ్నం మూడు గంటలకు వాడే వచ్చాడు. తెల్లకోటు, ఇత్తడి గుండీలు, చేతిలో మడిచిన తువ్వాలు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. వంగి దండం పెట్టలేదు, కౌగిలించుకోలేదు. రెయిలింగుకు ఆనుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇంటికాడ అందరు మంచిగున్నరా అన్నా?"

"ఉన్నది నేను, మీ వదినె. నాయిన పోయిండని ఉత్తరం రాసిన."

"ముట్టింది."

"జవాబు రాయవైతివి."

"ఏమని రాయాలె? నాయిన మాట నాయినతోని పోయిందని నువ్వు రాసినవు. నాకైతే ఇంక ఇనబడుతున్నది."

నేను ఏడాదిగా మనసులో అనుకుంటున్న మాటలన్నీ చెప్పాను. గడిలో తూర్పు వైపు గదులు బాగు చేయించానని, మిగిలిన భూమిలో సగం వాడిదేనని, నా తర్వాత ఇల్లు వాడిదేనని. "నడువు, కొచ్చిన్ల దిగుదాం. నీ విస్తరి నా పక్కన వేయిస్త. మొదటి బంతిల."

వాడు నవ్వాడు. చిన్నప్పుడు నన్ను ఏడిపించేటప్పుడు నవ్వే నవ్వే అది. "ఓ అన్నా, గీడ మొదటి బంతి ఎట్లుంటదో నిన్న చూస్తివి గద. పిల్లల్లేని పెద్దమనిషి ఫస్ట్ సిట్టింగ్ కావాలని కొట్లాడిండని కింద వంటింట్ల ఒకటే నవ్వుడు. నాకు రాత్రే ఎర్కైంది, గది మా అన్ననే అని."

"నవ్వినోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవా?"

"అందరికన్న ఎక్కువ నేనే నవ్విన." తర్వాత నవ్వు ఆపాడు. తువ్వాలును రెండు మడతలు చేసి భుజం మీద వేసుకున్నాడు. "నౌకరి ఇడిచిపెడ్త. నీతోని వస్త. ఒక్కటే మాట. మా బంతికి రా. పై సాహెబులు తిన్నంక, రెండు సిట్టింగులు అయినంక, మేము తింటం. రేపు గీ టైముకే. నీకు పళ్లెం పెట్టిస్త. ఒక్క పూట నా పక్కన కూసొని తిను. కొచ్చిన్ల నీ ఎంట దిగుత."

"ప్రయాణికులను రానియ్యరు గద?"

"తాడు కట్టింది పైకి పోనీకి అన్నా. కిందికి రానీకి ఎవ్వలు అడ్డం పెట్టలే."

ఆ రాత్రి భోజనంలో పిల్లల్లో చిన్నవాడు తన జెల్లీ సగం నా పళ్లెంలోకి తోశాడు. ఆయా క్షమించమంది. తిన్నాను. నిమ్మకాయ వాసన తప్ప దానికి రుచి లేదు.

మరుసటి రోజు మూడు కావస్తుండగా అడిగి తెలుసుకుని వెళ్లాను. ఆ దారిలో తివాచీ అయిపోతుంది, తర్వాత రంగు వేసిన చెక్క, తర్వాత ఉత్త ఇనుము. మెట్లు నిలువుగా దిగుతాయి. మెట్ల నెత్తిన ఒక ఇనుప దూలం అడ్డంగా ఉంది. నా ఎత్తు మనిషి దిగాలంటే తల వంచాలి. నేను దాని ఇవతల నిలబడ్డాను.

కింద పొడుగాటి బల్ల కనబడింది. వంటవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బాయిలర్ దగ్గర మసి పట్టినవాళ్లు, స్నానాల గదులు కడిగేవాడు, అందరూ కలిసి కూర్చున్నారు. పై హాల్లో మిగిలిన కోడి, చేప, సగం కోసిన కేకు వెండి పళ్లేలతో సహా దిగి వచ్చాయి. వాటి పక్కనే వీళ్ల కోసం వండిన అన్నం, పప్పు. నా తమ్ముడు కోటు విప్పి, బనీనుతో, నిలబడి అందరికీ వడ్డిస్తున్నాడు. స్నానాల గదులు కడిగేవాడికి అన్నం పెట్టి, చాలంటే వినక ఇంకో గంటె వేశాడు. వాళ్లు తమిళం, కొంకణి, హిందీ కలిపి ఏదో అంటున్నారు, వాడు వాళ్లందరికీ ఆ మూడు భాషల్లోనూ బదులిస్తున్నాడు. వాడి చోటు పక్కన వడ్డించిన పళ్లెం ఒకటి ఉంది. అంచులు శుభ్రంగా తుడిచి, దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి ఉంచారు. ఆవిరి పోకుండా.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. మసి పట్టినవాళ్లలో ఒకడు ఆలస్యంగా వస్తూ, నా పక్క నుంచి దూరి దిగబోతూ, "సార్, ఇది ప్యాసింజర్ల దారి కాదు," అన్నాడు.

"దారి తప్పాను," అన్నాను.

గోపాలం తల ఎత్తలేదు. ఎత్తకుండా ఉండిపోయిన తీరు చూసి, విన్నాడని నాకు తెలిసింది. వాడు కూర్చున్నాడు. బోర్లించిన పళ్లెం తీసి, నాకని వడ్డించిన కింది పళ్లేన్ని ఆలస్యంగా వచ్చినవాడి ముందుకు జరిపాడు.

చదివేవారు నన్ను తప్పు పట్టవచ్చు. పట్టనీయండి. మా పెత్తనం పోయింది, భూమి పోయింది, ఊళ్లో మాట పోయింది. మెడ ఒక్కటి మిగిలింది. అది వంగితే వాడు ఇంటికి వచ్చేవాడు. నిజమే. వచ్చి ఎవరి పక్కన కూర్చునేవాడు? ఆ ఇంట్లో అప్పుడు నేను ఉండేవాణ్ని కాను, నా పేరున్న మరొకడు ఉండేవాడు. నేను ఈ మాట అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అనుకుని సుఖపడ్డానని మాత్రం అనను.

నాలుగో రోజు ఉదయం కొచ్చిన్‌లో దిగాను. సూట్లవారు వేరే మెట్ల మీదుగా ముందు దిగారు, వాళ్ల సామాను మోసేవాళ్లను గోపాలం దగ్గరుండి నడిపించాడు. ఒకసారి మా వైపు చూసి, నుదుటికి చెయ్యి తాకించాడు. అది ప్రయాణికులందరికీ పెట్టే సలామే. కురియన్ తన ఇంటికి వచ్చి రెండు రోజులు ఉండమన్నాడు. పనులున్నాయన్నాను.

సాయంత్రం హార్బరు స్టేషన్లో రైలు ఎక్కి, బెంగుళూరులో చిన్నపట్టాల బండి మారాను. ఈ దారిలో వచ్చేవారు కర్నూలులో తప్పక తినండి, ఆ తర్వాత స్టేషన్లలో మరమరాలు తప్ప ఏమీ దొరకవు. తుంగభద్ర వంతెన మీద బండి మెల్లగా పోయింది. నీళ్లు సగానికి తగ్గి బండలు తేలాయి. పెట్టెలో నా పక్కన కూర్చున్న గద్వాల చేనేత మనిషి ఎక్కడి నుంచని అడిగాడు. ఓడ దిగి వస్తున్నానంటే, "ఓడల తిండి ఎట్లుంటదయ్యా?" అన్నాడు. ఆలోచించి చెప్పాను, చాలా రకాలుగా ఉంటుందని. అంతకంటే సరైన మాట ఇప్పటికీ నాకు దొరకలేదు. ఓడ ఒక్కటే, ఆకలి ఒక్కటే. వంటిల్లు కూడా ఒక్కటే. అంతస్తుకో వేళ, అంతస్తుకో పళ్లెం. సముద్రం మీద అయినా మనిషి మెట్లు లేకుండా బతకలేడు. నేను ఆ మెట్ల మధ్యలో ఎక్కడో నిలబడి మూడు రోజులు ప్రయాణించాను.

వనపర్తి రోడ్డు స్టేషన్లో సాయంత్రం దిగాను. ఇద్దరం వస్తామని ముందే చెప్పి వెళ్లినందుకు మా రాములు బండి మీద రెండు పరుపులు వేసుకుని వచ్చాడు. మా దగ్గర మిగిలిన ఒక్క జీతగాడు. బండి ఎక్కి కూర్చున్నాక కూడా స్టేషను వైపే చూస్తున్నాడు.

"చిన్నదొర ఏడి దొరా?"

"పని తెగలేదు. రాలేదు."

ఎడ్లను అదిలించాడు. కొంతదూరం పోయాక వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఆడ మంచిగ తింటుండా?"

"తింటున్నడు. అందరి తిండ్లు అయినంక తింటడట."

రాములు పగ్గాలు వదులు చేశాడు. తర్వాత ఎడ్లతో చెబుతున్నట్టు అన్నాడు. "గట్లయితే మంచిదే దొరా. జర ఆలస్యమైతది గని, ఆఖరి బంతిల ఎనుక నిలబడి లెమ్మనెటోడు ఉండడు. కడుపు నిండ తినొచ్చు."